హాల్లో కూర్చున్న కుక్క బీచ్‌లోనూ కూర్చోవాలంటే

ఇంట్లో ‘సిట్’ అనగానే బుద్ధిగా కూర్చునే కుక్క, లిఫ్ట్ దిగి వీధిలోకి రాగానే మీరెవరో తెలియనట్టు ప్రవర్తిస్తుంది. విశాఖలో ఎంవీపీ కాలనీలో అడిగినా గాజువాకలో అడిగినా కుక్కల్ని పెంచేవాళ్లు ముందు చెప్పే ఫిర్యాదు ఇదే. పొగరెక్కిందనుకుని గొలుసు గుంజుతారు, నలుగురిలో అరుస్తారు. పాపం, దానికి పొగరేమీ లేదు. కుక్క ఏ పాఠాన్నయినా చోటుతో కలిపి నేర్చుకుంటుంది. ఫ్యాన్ కింద, సోఫా పక్కన, మీ చేతిలో చికెన్ ముక్క చూస్తూ విన్న మాట దానికి తెలుసు. అదే మాట, ఎదురుగా నాలుగు వీధికుక్కలు నిలబడి ఉండగా, పక్కనుంచి ఆటో దూసుకుపోతుండగా వినిపిస్తే దానికి అది కొత్త పాఠమే.

అందుకే ఇక్కడ ప్రతి పాఠాన్నీ ముందు హాల్లో నేర్పి, తర్వాత మేడ మీద, ఆపైన మెట్ల దగ్గర, సందులో, చివర్లో బీచ్‌లో మళ్లీ మొదటినుంచి నేర్పుతాం. దీనికి డబ్బులిచ్చి ట్రైనర్‌ని పెట్టుకోనక్కర్లేదు. రోజుకి రెండు మూడు విడతలు, విడతకి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. అంతకు మించితే దానికీ విసుగే, మీకూ విసుగే.

మొదలుపెట్టే ముందు

కుక్కపిల్లని తెచ్చుకుంటుంటే, 8 వారాలు నిండే దాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి. కొరికితే నొప్పెడుతుందన్న సంగతి అది తోటి పిల్లల దగ్గరే నేర్చుకుంటుంది. ముందే లాక్కొస్తే ఆ పాఠం మీ చేతుల మీద, కాళ్ల మీద నేర్చుకోవాల్సి వస్తుంది.

మూడో వారం నుంచి దాదాపు 14వ వారం దాకా పిల్లకి భయం తక్కువ, కుతూహలం ఎక్కువ. ఆ రోజుల్లో చూసినవన్నీ దానికి జన్మంతా మామూలు విషయాలైపోతాయి. చిక్కేమిటంటే, సరిగ్గా అప్పుడే దాన్ని వీధిలో నేలమీద వదలకూడదు. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాల దాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలకి వేస్తారు, తర్వాత ఏటా వేయించాలి. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం రోజు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. జీవీఎంసీలో, అంటే మన నగరపాలక సంస్థలో, కుక్క పేరు నమోదు చేయించే పనీ అప్పుడే చూసుకోండి, టీకా కాగితాలు ఎలాగూ చేతిలో ఉంటాయి.

ఈ టీకాలన్నీ అయ్యేదాకా పిల్లని ఇంట్లోనే బంధించకండి. ఎత్తుకుని తిప్పండి. పాటలు పెట్టుకుని వచ్చే చెత్త బండి, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, చేతికర్రతో నడిచే తాతగారు, గొడుగు, కుక్కర్ విజిల్, మిక్సీ చప్పుడు, అన్నీ మీ చేతుల్లో ఉండి చూడాలి, వినాలి. ప్రతి కొత్త వస్తువుకీ నోట్లో చిన్న ముక్క పెట్టండి. పాఠాలన్నిటిలోకీ తేలికైనది ఇదే. దీన్ని వదిలేసిన ఇళ్లలోనే రెండేళ్ల కుక్క గొడుగు చూసి మొరుగుతుంటుంది.

పెద్ద కుక్కని తెచ్చుకున్నవాళ్లు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని దిగులు పడనక్కర్లేదు. పెద్దది నిలకడగా చూస్తుంది, కొన్ని పాఠాలు పిల్లకంటే త్వరగా పట్టుకుంటుంది. వీధికుక్కని తెచ్చి పెంచుకుంటే మరీ మంచిది. మన ఉక్కపోతకి తట్టుకుంటుంది, తెలివిలో ఎవరికీ తీసిపోదు. కొల్లేరు వైపు బాతుల మందల్ని కాసిన జోనంగి మన ఆంధ్రా జాతే. మందని కాసే తెలివి ఊరికే వచ్చిందా? మంచు ప్రాంతాల జాతి హస్కీలని మాత్రం విశాఖలో పెంచొద్దని నా గట్టి అభిప్రాయం. మే నెలలో రోజంతా ఏసీ గదిలో బతికే కుక్కకి వాకింగ్ ఎప్పుడు, ట్రైనింగ్ ఎప్పుడు?

కావలసిన సరంజామా కొంచెమే. మెడ బెల్ట్ లేదా ఛాతీకి వేసే హార్నెస్, ఐదారు అడుగుల బట్ట లీష్ (పట్టుకుని నడిపించే తాడు), పది మీటర్ల తాడు ఒకటి, నడుముకి కట్టుకునే చిన్న సంచి. ఇనప గొలుసు, గొంతు బిగించే చైన్ వద్దు. లాగినప్పుడు గొంతు నొప్పి పుడితే, ఎదురుగా ఉన్న మనిషి వల్లో కుక్క వల్లో ఆ నొప్పి వచ్చిందని అది అనుకుంటుంది. ఇక వాళ్లని చూస్తే చాలు, మీద పడుతుంది.

ట్రీట్ అంటే షాపు ప్యాకెట్టే కానక్కర్లేదు. ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన చికెన్, ముల్లు తీసిన ఉడికించిన చేప, గుడ్డు, క్యారెట్, ఏదైనా బఠాణీ గింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. శాకాహారులైతే పనీర్ వాడొచ్చు. రోజు తిండిలో ట్రీట్ల వాటా పదో వంతు దాటకూడదు. తీపి బిస్కెట్లు అలవాటు చేయొద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి విషం. పాయసంలోంచి కిస్‌మిస్ ఏరి పెట్టే పిల్లలకి ఈ మాట ముందే చెప్పండి. ఉడికించిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, అవీ వద్దు.

మొదటి మెట్టు: ‘ఎస్’ అనే మాట

కుక్కకి ఏదైనా నేర్పే ముందు, ‘ఇప్పుడు నువ్వు చేసిందే నాకు కావాలి’ అని చెప్పే సైగ ఒకటి దానికి తెలియాలి. చిన్న మాట ఏదైనా పెట్టుకోండి, ‘ఎస్’ బాగా పనికొస్తుంది. ‘ఎస్’ అనండి, వెంటనే ముక్క పెట్టండి. ఏ పనీ చేయించకుండా ఒక పూట పదిహేను సార్లు ఇలాగే చేయండి. కాసేపటికి ఆ మాట వినగానే అది తలతిప్పి మీ చేతి వంక చూస్తుంది. అంతే, సాధనం చేతికొచ్చినట్టు.

ఇక కిటుకంతా టైమింగ్‌లో ఉంది. కుక్క పిరుదులు నేలకి తగిలిన సెకనులోనే ‘ఎస్’ రావాలి. సంచి వెతుక్కుని, మూత తీసి, ముక్క ఇచ్చేలోపు అది లేచి నిలబడితే, లేచినందుకు మీరు బహుమతి ఇచ్చినట్టవుతుంది. మాట ముందు, ముక్క తర్వాత.

తిట్టడం విషయంలోనూ ఇదే లెక్క. మధ్యాహ్నం సోఫా కొరికితే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ‘తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూడండి ఎలా పెట్టిందో’ అంటారు. ఆ మొహం గురించి అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్క తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ దొంగ చూపులు ఎక్కువగా కనిపించాయి. మీ కోపాన్ని చూసి అది ముడుచుకుపోతోంది, సోఫా సంగతి ఎప్పుడో మర్చిపోయింది.

రెండో మెట్టు: ఇంట్లో అందరిదీ ఒకే మాట

అమ్మ ‘కూచో’ అంటుంది, అబ్బాయి ‘సిట్’ అంటాడు, నాన్నగారు ‘సిట్ డౌన్’ అంటారు. ఆ చివరిది మరీ కష్టం, ఎందుకంటే పడుకోమని చెప్పే మాట ‘డౌన్’ అందులోనే ఉంది. ఒక కాగితం మీద నాలుగైదు మాటలు రాసి ఫ్రిజ్‌కి అంటించండి. తెలుగైనా ఇంగ్లిషైనా కుక్కకి ఒకటే. పిలుపుకి మాత్రం ‘రా’ పెట్టుకోవద్దు. ‘ఏంట్రా’, ‘ఇలా రారా’ అంటూ మన ఇళ్లలో రోజంతా ఆ శబ్దం మోగుతూనే ఉంటుంది. ‘కమ్’ అనో, ‘వచ్చెయ్’ అనో, మామూలు మాటల్లో అస్తమానూ దొర్లనిది పెట్టుకోండి.

మాటలతో పాటు రూల్స్ కూడా రాసుకోండి. సోఫా ఎక్కనిస్తారా లేదా? భోజనాల దగ్గర పెడతారా లేదా? ‘ఒక్క ముక్కేగా’ అని బామ్మగారు టేబుల్ కింద నుంచి వడ ముక్క అందిస్తుంటే, ఆ కుక్క మీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ఒళ్లో తల పెడుతుంది. బామ్మగారిని మార్చలేకపోతే ఆవిడ పెట్టే ముక్కకి కూడా ‘సిట్’ చెప్పమనండి. ఆవిడ చెప్పినంత బాగా ఎవరూ చెప్పరు, కుక్క కూడా ఆవిడ మాటే ముందు వింటుంది.

మూడో మెట్టు: టాయిలెట్

కొత్తగా పెంచేవాళ్లకి అసలు టెన్షన్ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో ఒక మోటు లెక్క ఉంది. వయసు నెలల్లో ఎంతో, దానికి ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలు. రెండు నెలల పిల్లకి మహా అయితే మూడు గంటలు. మెలకువగా ఆడుతున్నప్పుడు అంత కూడా ఉండదు. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకి, ఆట అయిపోగానే, పడుకునే ముందు, తప్పనిసరిగా బయటికి తీసుకెళ్లాలి. మధ్యలో నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే ఆలస్యం చేయకండి. మూడో అంతస్తు వాళ్లయితే ఎత్తుకునే తీసుకెళ్లండి. మెట్లమీద నడిపిస్తే మెట్లమీదే పని కానిచ్చేస్తుంది. టీకాలు పూర్తికాని పిల్లయితే వీధికుక్కలు తిరిగే సందు వద్దు. కాంపౌండ్ లోపల, వేరే కుక్కలు రాని మూల చూసుకోండి.

రోజూ అదే చోటికి తీసుకెళ్లి, లీష్‌తో ఊరికే నిలబడండి. ఆడించొద్దు, ఫోన్ చూడొద్దు. అది మొదలుపెట్టగానే మెల్లగా ‘సూసూ’ అనండి, అయిపోయిన క్షణంలో ‘ఎస్’ చెప్పి అక్కడే ముక్క పెట్టండి. ఇంటికొచ్చాక పెట్టే ముక్క లెక్కలోకి రాదు. అది ఇంటికొచ్చినందుకు ఇచ్చిన ముక్క అవుతుంది. పని అవ్వగానే పైకి తీసుకుపోకుండా రెండు నిమిషాలు తిప్పండి. లేకపోతే పని అయితే షికారు అయిపోతుందని కనిపెట్టి ఆపుకోవడం మొదలుపెడుతుంది. ఈ తెలివికి మాత్రం ట్రైనింగ్ అక్కర్లేదు!

లోపల చేసేస్తుంటే కంటపడితే చప్పట్లు కొట్టి ఆపి, బయటికి ఎత్తుకెళ్లండి. చేసేశాక చూస్తే నోరు మూసుకుని తుడవండి. ముక్కుని అందులో రుద్దడం క్రూరత్వం. దాని వల్ల అది నేర్చుకునేది మీ ముందు చేయకూడదని మాత్రమే, ఈసారి మంచం కింద చేస్తుంది. తుడవడానికి ఫినాయిల్ సరిపోదు. మనకి వాసన పోతుంది గానీ దాని ముక్కుకి పోదు, పైగా ఫినాయిల్ నాకితే ఒంటికి మంచిది కాదు. కుక్కల మూత్రం కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ వాడండి. అది లేకపోతే సబ్బునీళ్లతో కడిగి, నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి ఆరనివ్వండి.

మనకి ఇంకో సంగతి ఉంది. అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే వాయుగుండాలు. హుద్‌హుద్ తుపాను వచ్చింది కూడా అక్టోబర్‌లోనే, 2014లో. అలాంటి గాలివానలో కుక్కని కిందికి తీసుకెళ్లలేరు. కాబట్టి బాల్కనీలో ఒక ట్రే, దానిలో గడ్డి చాప గానీ పాత పేపర్లు గానీ వేసి, వారానికి ఒకటి రెండుసార్లు అక్కడ కూడా ‘సూసూ’ చేయించి ముక్క పెడుతూ ఉండండి. బయటే చేయాలని గట్టిగా అలవాటైన కుక్క రెండు రోజుల ముసురులో ఆపుకుని ఆపుకుని బాధపడుతుంది.

బయట చేసిన దొడ్డిని కాగితంతోనో కవర్‌తోనో తీయడం మీ పని. పక్క ఫ్లాట్ వాళ్లతో వచ్చే గొడవల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయి.

నాలుగో మెట్టు: కొరకడం

మూడున్నర నెలల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. చిగుళ్లు దురద పెడతాయి. చీర కుచ్చిళ్లు, నైటీ అంచు, పిల్లల సాక్సు, కదిలేదల్లా దానికి ఆటవస్తువే. అది పట్టుకోగానే మీరు లాక్కుంటే ఆట రెట్టింపవుతుంది. కదలకుండా నిలబడిపోండి. ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్టో, తడిపి ముడివేసి గడ్డకట్టించిన పాత తువ్వాలో నోటికి అందించండి. చేతిమీద గట్టిగా పన్ను దిగితే ఆట ఆపి, అరనిమిషం గది బయటికి వెళ్లిపోండి. అరవొద్దు, మూతి మీద కొట్టొద్దు.

చర్మం తెగి రక్తం వస్తే, పెంపుడు పిల్లే కదా అని ఊరుకోకండి. పారుతున్న నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించండి. పసుపు, కారం, సున్నం వంటివి పూయొద్దు.

ఐదో మెట్టు: సిట్, డౌన్, స్టే

సిట్ చాలా తేలిక. ముక్కని దాని ముక్కు ముందు పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తే వెనక భాగం దానంతటదే కిందికి దిగుతుంది. ‘ఎస్’, ముక్క. నాలుగైదుసార్లు చేతి సైగతోనే సరిగ్గా చేశాక మాట కలపండి. మాట ముందు, చెయ్యి తర్వాత రావాలి. ‘సిట్ సిట్ సిట్’ అని జపం చేయొద్దు, ఒక్కసారే చెప్పి ఆగండి. డౌన్‌కి కూర్చున్న కుక్క ముక్కు దగ్గర నుంచి ముక్కని నేలదాకా దించి, ముందుకి జరపాలి. నున్నటి టైల్స్ మీద కొన్ని కుక్కలు పడుకోవడానికి ఇష్టపడవు, చాప వేయండి.

స్టే దగ్గరే చాలామంది తొందరపడతారు. ఇందులో మూడు సంగతులున్నాయి: ఎంతసేపు, ఎంత దూరం, చుట్టూ ఎంత సందడి. ఒకసారికి ఒక్కటే పెంచండి. ముందు మీరు ఎదురుగా నిలబడి మూడు సెకన్లు, తర్వాత ఐదు, పది. అది కుదిరాక ఒక అడుగు వెనక్కి, కానీ సమయం మళ్లీ మూడు సెకన్లకి తగ్గించండి. లేవమని చెప్పడానికి ‘ఓకే’ అనే మాట పెట్టుకోండి, లేకపోతే ఎప్పుడు లేవాలో దానికే తెలియక నసుగుతుంది.

చుట్టాల ముందు చూపించడానికి షేక్ హ్యాండ్ నేర్పే మోజు అందరికీ ఉంటుంది. నేర్పండి, తప్పులేదు, కానీ కింది పాఠం అయ్యాక. షేక్ హ్యాండ్ వల్ల ఏ కుక్కా లారీ కింద పడకుండా బతకలేదు.

ఆరో మెట్టు: పిలిస్తే రావాలి

దీనికి ఒకే ఒక్క చట్టం ఉంది. ‘వచ్చెయ్’ అని పిలిచి, వచ్చాక దానికి నచ్చని పని చేయకూడదు. స్నానం చేయించాలంటే మీరే వెళ్లి తీసుకురండి. మందు వేయాలన్నా అంతే. పిలిచిన ప్రతిసారీ ఆట ఆగిపోయి గొలుసు పడుతుంటే అది రావడం మానేస్తుంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి, మళ్లీ ఆడుకోమని వదిలేయండి. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టకండి, రావడానికే తిట్లు తిన్నట్టవుతుంది.

హాల్లో ఇద్దరు చెరోవైపు కూర్చుని మార్చి మార్చి పిలవండి. దగ్గరికి వచ్చాక ముందు బెల్ట్ పట్టుకుని, తర్వాత ముక్క ఇవ్వండి. ఇలా చేస్తే బెల్ట్‌కి చెయ్యి వేయగానే తప్పించుకునే అలవాటు పడదు. రెండు గదుల మధ్య కుదిరాక మేడ మీదికి వెళ్లండి. పిట్టగోడ పొట్టిగా ఉంటే తాడు లేకుండా వదలొద్దు, పావురాన్ని చూసి దూకిన కుక్కలున్నాయి. మేడ మీద పది మీటర్ల తాడు నేల మీద వదిలేసి పిలవండి. రాకపోతే మళ్లీ పిలవకుండా, తాడు మెల్లగా చుట్టుకుంటూ దగ్గరికి తెచ్చుకోండి. అలా వచ్చినా ముక్క ఇవ్వాల్సిందే. ఇక్కడ హాల్లో వాడిన క్యారెట్ పనికిరాదు, చికెన్ తీయండి. చుట్టూ సందడి పెరిగే కొద్దీ మీరిచ్చే కూలి కూడా పెరగాలి.

ఏడో మెట్టు: సందులోకి

లీష్ లాగకుండా నడవడం కారిడార్‌లో మొదలవుతుంది. అది లాగిన క్షణంలో మీరు చెట్టులా ఆగిపోండి. తాడు వదులవగానే ‘ఎస్’ అని ముందుకి కదలండి. మొదటి వారం ఇంటి గేటు దాటడానికే పావుగంట పట్టొచ్చు. ఆఫీసు టైమ్‌కి ముందు ఈ పాఠం పెట్టుకోకండి. లాగితే ముందుకి పోవచ్చని ఒక్కరోజు తెలిసినా మొదటికే మోసం.

లిఫ్ట్‌లో మూలకి నిలబెట్టి, మీరు దానికీ తలుపుకీ మధ్య నిలబడి ‘సిట్’ చెప్పండి. కుక్కలంటే భయపడేవాళ్లు ఎదురైతే వాళ్లని ముందు పోనివ్వండి. పెంపుడు జంతువుల్ని నిషేధించే హక్కు అపార్ట్‌మెంట్ సంఘాలకి లేదనీ, లిఫ్ట్ వాడొద్దని అనకూడదనీ జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అయినా ఆ కాగితం బయటికి తీయాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే తెలివి.

వాకింగ్ పొద్దున్న ఏడులోపు, లేదా పొద్దుగూకాక. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి.

ఇక వీధికుక్కలు. ప్రతి సందులో ఒక గుంపు, దానికో సరిహద్దు ఉంటుంది. వాటి దృష్టిలో మీరు చొరబాటుదారులు. రెండుమూడు రోజులు కుక్క లేకుండా ఒంటరిగా నడిచి, ఏ మలుపు దగ్గర ఏ గుంపు పడుకుంటుందో చూసి దారి మార్చుకోండి. దూరంగా కనిపించగానే, మీ కుక్క ఇంకా మొరగకముందే, ‘ఎస్’ అని ముక్క పెట్టండి. ‘అవి కనిపిస్తే నాకు చికెన్’ అని దాని బుర్రకి ఎక్కాలి. ఎంత దూరంలో ఉంటే అది మీ ముక్క తింటుందో అదే మీ దూరం. తినడం మానేసి అటే చూస్తోందంటే మరీ దగ్గరికి వచ్చేశారని గుర్తు, వెనక్కి తిరగండి. అవే మీదికొస్తే పరిగెత్తొద్దు. గుప్పెడు ముక్కలు వాటి వైపు దూరంగా చల్లి, మెల్లగా తప్పుకోండి. ముడుచుకునే గొడుగు చేతిలో ఉంటే టప్పుమని తెరవండి, మీ కుక్కకి గొడుగు చిన్నప్పుడే అలవాటు చేశారు కాబట్టి అది బెదరదు. ఆ గుంపుకి రోజూ అన్నం పెట్టేవాళ్లు ఎవరో తెలుసుకుని పలకరించండి, సగం సమస్య వాళ్ల ద్వారానే తీరుతుంది.

ఎనిమిదో మెట్టు: వదిలెయ్, ఆ తర్వాతే బీచ్

బీచ్‌కి తీసుకెళ్లే ముందు ‘వదిలెయ్’ రాకపోతే కష్టం. గుప్పిట్లో ముక్క పెట్టి మూసి దాని ముందు ఉంచండి. నాకుతుంది, గీకుతుంది, మొరుగుతుంది. కదలకండి. ముక్కు వెనక్కి తీసిన క్షణంలో ‘ఎస్’, రెండో చేతిలోంచి వేరే ముక్క ఇవ్వండి. గుప్పిట్లోది ఎప్పటికీ ఇవ్వొద్దు. తర్వాత తెరిచిన అరచెయ్యి, ఆపైన నేలమీద పెట్టిన ముక్క, ఆపైన నడుస్తూ దాటిపోయే ముక్క.

ఇంత శ్రమ ఎందుకో ఒడ్డున నాలుగు అడుగులు వేస్తే అర్థమవుతుంది. మురీ మిక్చర్ పొట్లాలు, మొక్కజొన్న కండెలు, నైలాన్ వల ముక్కలు, గాలం ముళ్లు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీఫిష్‌లు, వలల్లోంచి ఏరి పారేసిన చేపలు. బంతిలా ఉబ్బే చేపలు కొన్ని ప్రాణం తీసేంత విషం. కండె మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది.

సందులో ఎంత బాగా విన్నా, బీచ్‌కి వచ్చిన మొదటిరోజు మళ్లీ హాల్లో మొదటిరోజే అనుకోండి. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వాహనాలు ఆపేసే సమయానికి వెళ్లి, ఇసకలోకి దిగకుండా గట్టు పక్కనే సిట్, డౌన్, వచ్చెయ్ చేయించండి. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం జనం, గుర్రాలు, గాలిపటాలు, ఆ సందడి నెలల తర్వాతి సంగతి. ఋషికొండ బీచ్‌కి 2020లో బ్లూఫ్లాగ్ అనే, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆ నిబంధనల ప్రకారం అక్కడ పెంపుడు జంతువుల మీద కట్టడి ఉంటుంది, ముందే కనుక్కుని వెళ్లండి.

ఒడ్డున లీష్ తీయొద్దు. మన దగ్గర అలలు లోపలికి లాగేస్తాయి. పైగా శీతాకాలం నుంచి వేసవి మొదటిదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసకలో గుడ్లు పెడతాయి, వాటిని తవ్వి తినే వాటిలో కుక్కలది పెద్ద వాటా. తాగడానికి మంచినీళ్లు మీరే పట్టుకెళ్లండి. సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంటికొచ్చాక ఉప్పూ ఇసకా పోయేలా కాళ్లూ పొట్టా కడిగి, చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లున్నాయేమో చూడండి. మన తేమ వాతావరణంలో వాటికి సీజన్ అంటూ లేదు. గోమారి జ్వరం వచ్చిన కుక్క నీరసంతో మాట వినకపోతే ట్రైనింగ్ లోపం అనుకుంటాం.

చప్పుళ్లకి అలవాటు

దీపావళి టపాసులు ఏ ఊళ్లోనైనా ఉన్నవే. విశాఖలో వాటికి తోడు నేవీ విన్యాసాల రోజుల్లో తలమీదుగా యుద్ధవిమానాలు, చవితి నిమజ్జనాల డప్పులు. దసరా దాటేదాకా ఆగితే లాభం లేదు, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఫోన్‌లో టపాసుల చప్పుడు వినీవినపడనంత తక్కువగా పెట్టి అన్నం పెట్టండి. చెవులు వెనక్కి వాల్చకుండా తింటుంటే కొన్ని రోజులకొకసారి ఒక గీత పెంచండి. వణికితే, నాలుక చప్పరిస్తుంటే, తోక ముడిస్తే తగ్గించండి. పండగ రోజు చీకటి పడకముందే బయటికి తిప్పి తెచ్చేయండి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి, పక్కన ఎవరో ఒకరు ఉండండి. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందనేది ఉత్త అపోహ, తీసుకోండి. మరీ తట్టుకోలేని కుక్కలకి డాక్టర్ ముందే మందు రాసిస్తారు. బెల్ట్‌కి మీ ఫోన్ నంబర్ రాసిన బిళ్ల ఆ వారం తప్పకుండా ఉండాలి. సింహాచలం గిరిప్రదక్షిణ రోజు మీ ఇల్లు ఆ దారిలో ఉంటే కూడా ఇదే పద్ధతి.

గుర్రుమంటే

గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమనే కుక్కని ఆ గుర్రు కోసం కొట్టకండి. అది కొరికే ముందు ఇచ్చే హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కొరుకుతుంది. గిన్నె లాక్కోకుండా, దూరం నుంచే ఇంకా మంచి ముక్క ఒకటి గిన్నెలోకి విసిరి వెళ్లిపోండి. మనిషి వస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి తెలియాలి. అప్పటిదాకా చిన్నపిల్లల్ని దాని పక్కన ఒంటరిగా వదలొద్దు. అప్పటికే ఎవరినైనా కొరికి ఉంటే, లేదా హఠాత్తుగా స్వభావం మారితే, ముందు పశువైద్యుడికి చూపించండి. చెవి నొప్పి, కీళ్ల నొప్పి వల్ల కూడా కుక్క కోపిష్టిది అవుతుంది. ఆ తర్వాతే అనుభవమున్న ట్రైనర్. అతను కర్ర, షాక్ బెల్ట్ బయటికి తీస్తే దండం పెట్టి పంపించేయండి.

ఆరు నెలలు దాటాక

అంతా కుదిరిందనుకున్న సమయానికి, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్యలో, పిలిస్తే చెవిన పెట్టకపోవడం, గేటు దగ్గర మొరగడం, నేర్చుకున్న టాయిలెట్ మర్చిపోయినట్టు గోడమీద కాలెత్తడం మొదలవుతాయి. ఇది యుక్తవయసు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో జాతిని, బరువుని బట్టి డాక్టర్‌ని అడగండి. పాఠాల విషయంలో మాత్రం ఒక మెట్టు కిందికి దిగండి. బీచ్‌లో వినకపోతే సందులోకి, సందులో వినకపోతే మేడ మీదికి, అక్కడా వినకపోతే హాల్లోకి వచ్చేయండి. పది మీటర్ల తాడు మళ్లీ కట్టండి, సంచిలోకి మళ్లీ చికెన్ తీయండి. హాల్లో ఐదుకి ఐదుసార్లు వింటే మర్నాడు మేడ మీద మొదలుపెట్టండి.